డిగ్రీ వచ్చాక ఏమైంది? అమెరికా నల్లజాతి పట్టభద్రులు, ప్రొఫెసర్ కుర్చీ: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. రావ్–బ్లాక్‌వెల్ సిద్ధాంతం (లెక్కగట్టిన అంచనాను ఇంకా మెరుగుపరిచే సూత్రం) చెప్పే రోజున ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "రావు గారు మనవాళ్ళే కదా సార్, మరి ఆ బ్లాక్‌వెల్ ఎవరు?" మొదట్లో "అమెరికా ఆయన" అనేసి బోర్డు వైపు తిరిగేవాణ్ణి. తర్వాత సిగ్గేసి చదివాను. చదివినకొద్దీ ప్రశ్నలు పెరిగాయి. పిల్లలు అడిగినవి, అమెరికాలో పిల్లలున్న బంధువులు ఫోన్లో అడిగినవి, స్టాఫ్ రూములో వాదన దాకా వెళ్ళినవి కలిపి ఇక్కడ పెడుతున్నాను.

ఇంతకీ బ్లాక్‌వెల్ ఎవరు?

డేవిడ్ బ్లాక్‌వెల్. 1919లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని సెంట్రేలియా అనే చిన్న ఊళ్ళో పుట్టారు. నాన్న రైల్వేలో పనిచేసేవారు. పదహారేళ్ళకు యూనివర్సిటీలో చేరినప్పుడు ఆయన ఆశ ఎలిమెంటరీ స్కూలు టీచరు కావాలనే. 1941లో, 22 ఏళ్ళకే, గణితంలో పీహెచ్‌డీ వచ్చేసింది. అదే ఏడాది ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీలో ఫెలోషిప్. ఆ ఇన్‌స్టిట్యూట్ సభ్యులకు పక్కనే ఉన్న ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ గౌరవ హోదా ఇవ్వడం మామూలు. నల్లవాడి దగ్గరికి వచ్చేసరికి యూనివర్సిటీ అభ్యంతరం చెప్పింది.

ఉద్యోగం వెతుక్కునే వేళ తెల్లవాళ్ళ యూనివర్సిటీలకు అప్లై చేయాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. నల్లజాతి కాలేజీల జాబితా ముందు పెట్టుకుని వందకు పైగా ఉత్తరాలు రాశారు. మూడు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. 1942లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌లో ఉద్యోగానికి మాత్రం ఒకసారి ఇంటర్వ్యూ జరిగింది. అక్కడి స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ జెర్జీ నేమన్ ఆయన్ను తీసుకోవాలనే అనుకున్నారు. కానీ గణిత విభాగాధిపతి ఇంటికి అధ్యాపకుల్ని భోజనానికి పిలవడం అక్కడి ఆనవాయితీ. నల్లవాణ్ణి మా ఇంట్లో కూర్చోబెట్టనని ఆ ఇంటావిడ అందట. దాంతో ఆ ఉద్యోగం పోయింది. ఇది చదివినప్పుడు నాకు మన ఊళ్ళ పంక్తి భోజనాలు గుర్తొచ్చాయి, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

లూసియానాలోని సదరన్ యూనివర్సిటీలో, అట్లాంటాలోని క్లార్క్ కాలేజీలో చెరో ఏడాది పనిచేసి 1944లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీకి చేరారు. మూడేళ్ళలో ఫుల్ ప్రొఫెసర్, విభాగాధిపతి. స్టాటిస్టిక్స్ మీద మనసు పడింది కూడా ఆ రోజుల్లోనే. 1945లో గిర్షిక్ అనే ఆయన ఉపన్యాసం విన్నారు. అందులో చెప్పిన ఒక ఫలితం తప్పని అనిపించి, కాదని చూపే ఉదాహరణ ఒకటి తయారుచేసి పోస్టులో పంపారు. ఆ ఉదాహరణే తప్పు! గిర్షిక్ కోపం తెచ్చుకోకుండా ఫోన్ చేసి రమ్మన్నారు. తొమ్మిదేళ్ళ తర్వాత ఇద్దరూ కలిసి పుస్తకం వేశారు.

1954లో బర్క్‌లీ మళ్ళీ పిలిచింది, మరుసటి ఏడాదికి ప్రొఫెసర్. తర్వాత స్టాటిస్టిక్స్ విభాగాధిపతి. 1965లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి వ్యక్తి. 2010లో పోయారు. 2024లో ఎన్విడియా తన కొత్త చిప్పుల తరానికి బ్లాక్‌వెల్ అని పేరు పెట్టాక మా పిల్లలు ఆయన పేరు నాకంటే ముందు చెబుతున్నారు.

మన రావు గారంటే కల్యంపూడి రాధాకృష్ణారావు. నూజివీడు, నందిగామల్లో చదువుకున్న తెలుగువారు, ఆంధ్రా యూనివర్సిటీ గణిత పట్టభద్రులు. ఆయన ఆ ఫలితాన్ని 1945లో కలకత్తాలో ప్రచురించారు. బ్లాక్‌వెల్ 1947లో విడిగా కనిపెట్టారు. సిద్ధాంతంలో ఇద్దరి పేర్ల మధ్య ఉన్నది చిన్న గీతే.

నల్లజాతి కాలేజీలంటే ఏమిటి? అందులో నల్లవాళ్ళే చదవాలా?

లేదు, ఎవరైనా చదవొచ్చు. బానిసత్వం ఉన్న రోజుల్లో, అది పోయాక వేర్పాటు నడిచిన రోజుల్లో నల్లజాతి పిల్లల కోసం పెట్టిన కాలేజీలివి. ఇప్పటికీ సుమారు వంద ఉన్నాయి. అన్నిటికంటే పాతది 1837లో మొదలైన చేనీ. ఫిస్క్ 1866, హోవర్డ్ 1867, మోర్‌హౌస్ 1867, ఆడపిల్లల కోసం స్పెల్‌మన్ 1881. 1890లో కేంద్రం ఒక చట్టం చేసింది: మీ రాష్ట్ర కాలేజీలో నల్లవాళ్ళను చేర్చుకోండి, లేదా వాళ్ళకు వేరే కాలేజీ పెట్టండి. దక్షిణాది రాష్ట్రాలు రెండోది ఎంచుకున్నాయి.

నన్నడిగితే ఈ పేజీలో అసలు విషయం ఇదే. ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా ఉద్యోగం ఇచ్చేవాడు లేని కాలంలో ఆ చదువుకున్నవాళ్ళకు చోటిచ్చింది ఇవే. బ్లాక్‌వెల్‌కు హోవర్డ్ లేకపోతే ఆ 1947 పేపరు ఎక్కడ కూర్చుని రాసేవారు?

మొదటి నల్లజాతి ప్రొఫెసర్ ఎవరు?

తెల్లవాళ్ళ కాలేజీలో అంటే చార్ల్స్ రీజన్, 1849, న్యూయార్క్ సెంట్రల్ కాలేజీ. బానిసత్వ వ్యతిరేకులు పెట్టిన చిన్న కాలేజీ అది, ఎక్కువ కాలం నడవలేదు.

నాకు ఆయనకంటే రిచర్డ్ గ్రీనర్ కథ ఇష్టం. 1870లో హార్వర్డ్ కాలేజీ డిగ్రీ తెచ్చుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి. 1873లో సౌత్ కరోలినా యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యారు. అంతర్యుద్ధం తర్వాత నల్లవాళ్ళకు ఓటు, పదవి దక్కిన కొన్నేళ్ళ ముచ్చట అది. అక్కడే పాఠం చెబుతూ, చిందరవందరగా పడున్న లైబ్రరీని సర్దుతూ, ఖాళీ దొరికినప్పుడు లా కూడా చదివేశారు. 1877లో రాజకీయం తిరగబడింది. యూనివర్సిటీ మూతపడింది, మళ్ళీ తెరిచినప్పుడు తెల్లవాళ్ళకే. 2009లో షికాగోలో కూల్చబోతున్న ఒక పాత ఇంటి అటక మీద పెట్టె దొరికింది. అందులో గ్రీనర్ హార్వర్డ్ పట్టా. ఇప్పుడు ఆ సౌత్ కరోలినా క్యాంపస్‌లోనే ఆయన విగ్రహం నిలబడి ఉంది.

పీహెచ్‌డీ ఉన్నా ఉద్యోగం ఎందుకు రాలేదు?

ఎడ్వర్డ్ బౌషే పేరు ఎప్పుడైనా విన్నారా? 1876లో యేల్ నుంచి ఫిజిక్స్ పీహెచ్‌డీ. అమెరికాలో డాక్టరేట్ పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి. అప్పటికి ఆ దేశంలో ఫిజిక్స్ డాక్టరేట్ ఉన్నవాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అలాంటి మనిషిని ఏ యూనివర్సిటీ పిలవలేదు. ఫిలడెల్ఫియాలో నల్లజాతి పిల్లల స్కూల్లో 26 ఏళ్ళు సైన్సు చెప్పారు. 1902లో ఆ స్కూలు కాలేజీ చదువుకు తయారుచేసే కోర్సులు మానేసి చేతివృత్తుల వైపు మళ్ళింది. ఆయన ఉద్యోగం కూడా పోయింది. పరిశోధన చేసే వయసంతా ల్యాబ్ లేకుండానే గడిచిపోయింది.

డబ్ల్యూ.ఇ.బి. డుబోయ్ పరిస్థితి కాస్త మెరుగు. 1895లో హార్వర్డ్ పీహెచ్‌డీ. పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆయనతో ఫిలడెల్ఫియా నల్లవాడల మీద పెద్ద సర్వే చేయించుకుంది, ఇచ్చిన హోదా మాత్రం "అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్". పని అయ్యాక అట్లాంటా యూనివర్సిటీకి, అంటే మళ్ళీ నల్లజాతి కాలేజీకే.

ఒక పెద్ద తెల్ల యూనివర్సిటీ నల్లజాతి వ్యక్తిని పూర్తిస్థాయి అధ్యాపకుడిగా తీసుకోవడం 1942లో జరిగింది. షికాగో యూనివర్సిటీ, ఆలిసన్ డేవిస్. బౌషే డిగ్రీ తర్వాత 66 ఏళ్ళకు! అది కూడా రోజెన్‌వాల్డ్ ఫండ్ అనే దాతృత్వ సంస్థ ఆయన జీతంలో వాటా మేము భరిస్తామన్నాక. మన దగ్గర "పోస్టు శాంక్షన్ కాలేదు" అంటారు చూడండి, అక్కడ పోస్టుతో పాటు మనిషిని కూడా శాంక్షన్ చేయించుకోవలసి వచ్చింది.

1950ల తర్వాత అంతా సర్దుకుందా?

జాన్ హోప్ ఫ్రాంక్లిన్ ఒక్కరి జీవితం చూడండి. చరిత్రకారుడు, ఫిస్క్‌లో డిగ్రీ, 1941లో హార్వర్డ్ పీహెచ్‌డీ. థీసిస్ కోసం నార్త్ కరోలినా రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్తే అక్కడ నల్లవాడు కూర్చునే గది లేదు. కొన్ని రోజులు ఆగమని, ఒక విడి గది ఖాళీ చేసి, కాగితాల బీరువాల తాళాలు ఆయన చేతికే ఇచ్చారు. ప్రేమతో కాదు, తెల్ల ఉద్యోగి నల్లవాడికి ఫైళ్ళు మోసుకెళ్ళి ఇవ్వకుండా ఉండటానికి. పక్క హాల్లో తెల్ల పరిశోధకులు గంటల తరబడి ఫైలు కోసం ఎదురుచూస్తుంటే ఈయన నేరుగా లోపలికెళ్ళి కావలసింది తెచ్చుకునేవారు. రెండు వారాలకు వాళ్ళు గొడవ చేశారు, మా పట్ల వివక్ష జరుగుతోందని! తాళాలు వెనక్కి తీసుకున్నారు.

1956లో బ్రూక్లిన్ కాలేజీ చరిత్ర విభాగానికి అధిపతి అయ్యారు. తెల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న కాలేజీలో అలాంటి పదవి నల్లవాళ్ళకు దక్కడం కొత్త, న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది. కాలేజీకి దగ్గర్లో ఇల్లు కొందామంటే మాత్రం ఏజెంట్లు చూపించరు, బ్యాంకులు అప్పివ్వవు. తర్వాత షికాగో, ఆపైన డ్యూక్. 1995లో దేశాధ్యక్షుడి నుంచి మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకోబోయే ముందు రాత్రి, వాషింగ్టన్‌లో తాను సభ్యుడిగా ఉన్న క్లబ్బులో మిత్రులకు విందు ఇచ్చారు. ఒక తెల్లావిడ ఆయన చేతిలో టోకెను పెట్టి తన కోటు తెచ్చిపెట్టమంది. అప్పుడాయన వయసు 80.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగాల్లో జాతి వివక్షను నిషేధించిన 1964 సివిల్ రైట్స్ చట్టం కాలేజీల బోధనా సిబ్బందిని వదిలేసింది. 1972లో సవరించాకే వాళ్ళకూ వర్తించింది.

ఆడవాళ్ళ సంగతి?

1921లో ఒకే ఏడాది ముగ్గురు నల్లజాతి మహిళలకు అమెరికాలో పీహెచ్‌డీలు వచ్చాయి: శాడీ అలెగ్జాండర్, ఈవా డైక్స్, జార్జియానా సింప్సన్. బానిస తల్లికి 1858లో పుట్టిన ఆనా జూలియా కూపర్ ఏళ్ళ తరబడి స్కూల్లో పాఠాలు చెబుతూ, 66 ఏళ్ళ వయసులో పారిస్ సోర్బాన్‌లో డాక్టరేట్ సాధించారు. ఆపైన పనిచేసే నల్లజాతి పెద్దవాళ్ళ కోసం నడిచే ఒక సాయంకాలపు విద్యాసంస్థకు ప్రెసిడెంట్. 105 ఏళ్ళు బతికారు.

ఎమ్మైటీలో పీహెచ్‌డీ చేసిన మొదటి నల్లజాతి మహిళ షర్లీ ఆన్ జాక్సన్ (1973, ఫిజిక్స్). 1999 నుంచి 2022 దాకా రెన్సెలేర్ పాలిటెక్నిక్ ప్రెసిడెంట్. ఇక రూత్ సిమ్మన్స్ గురించి కింద విడిగా రాశాను.

ప్రెసిడెంట్ అంటే మన వీసీయేనా?

హోదా అదే, నియామకం వేరు. మన రాష్ట్ర వర్సిటీల్లో సెర్చ్ కమిటీ, ప్రభుత్వం, గవర్నరు ఉంటారు. అక్కడ ట్రస్టీల బోర్డు వెతికి పెడుతుంది, ఆ బోర్డే దించుతుంది. సాధారణంగా ప్రొఫెసర్, విభాగాధిపతి, డీన్, ప్రొవోస్ట్ (చదువు వ్యవహారాలన్నిటికీ పెద్ద) మెట్లు ఎక్కి అక్కడికి చేరతారు. అందుకే కింద మెట్టు మీద మనుషులు లేకపోతే పైన ఉండరు.

పెద్ద యూనివర్సిటీలకు నల్లజాతి ప్రెసిడెంట్లు ఎప్పటి నుంచి?

జార్జ్‌టౌన్ యూనివర్సిటీకి 1874లోనే ప్యాట్రిక్ హీలీ ప్రెసిడెంటయ్యారు. అమ్మ బానిస, నాన్న ఐరిష్ తోట యజమాని. కానీ జీవితమంతా లోకం దృష్టిలో ఆయన తెల్ల ఐరిష్ పాదిరీ. ఇప్పుడు "మొదటివాడు" అంటున్నాం, ఆ రోజు ఆ మాట బయటపడితే ఆ కుర్చీ ఉండేది కాదు. ఈ "మొదటివాళ్ళ" జాబితాల మీద నాకున్న అనుమానం ఇదే. పేరు ఘనంగా ఉంటుంది, వెనకాల ఎవరూ ఉండరు.

నల్లజాతి కాలేజీలకే నల్లజాతి ప్రెసిడెంటు రావడానికి చాలా కాలం పట్టిందని చెబితే నమ్మరు. హోవర్డ్‌కు మొదటివాడు మోర్డెకై జాన్సన్, 1926లో, అంటే పెట్టిన 59 ఏళ్ళకు. స్పెల్‌మన్‌కు మొదటి నల్లజాతి మహిళా ప్రెసిడెంట్ జానెటా కోల్ 1987లో, 106 ఏళ్ళకు.

పెద్ద తెల్ల యూనివర్సిటీకి, తెలిసి తెలిసి, ఇరవయ్యో శతాబ్దంలో మొదటివారు క్లిఫ్టన్ వార్టన్. 1970, మిషిగన్ స్టేట్. ఆర్థికవేత్త. తర్వాత న్యూయార్క్ రాష్ట్ర యూనివర్సిటీ వ్యవస్థ మొత్తానికి ఛాన్సలర్.

రూత్ సిమ్మన్స్ 1945లో టెక్సస్‌లో కౌలు రైతు కుటుంబంలో పన్నెండో బిడ్డ. డిల్లర్డ్ అనే నల్లజాతి కాలేజీలో స్కాలర్‌షిప్పు మీద చదివి, హార్వర్డ్‌లో ఫ్రెంచి సంబంధిత భాషా సాహిత్యాల్లో పీహెచ్‌డీ చేశారు. 1995లో స్మిత్ కాలేజీ ప్రెసిడెంటయ్యాక అక్కడ ఇంజనీరింగ్ పెట్టించారు. అమెరికా మహిళా కాలేజీల్లో అదే మొదటిది. 2001లో బ్రౌన్ యూనివర్సిటీ ప్రెసిడెంట్, ఐవీ లీగ్‌లో (హార్వర్డ్, యేల్ లాంటి ఎనిమిది పేరున్న పాత యూనివర్సిటీల గుంపు) మొదటి నల్లజాతి అధిపతి. బ్రౌన్ పునాదుల్లో బానిసల వ్యాపారం డబ్బుంది. కుర్చీలో కూర్చున్న రెండేళ్ళకే ఆవిడ ఆ సంగతి తవ్వమని కమిటీ వేశారు, 2006లో నివేదిక అచ్చయింది. తన సంస్థ పాత ఖాతాలు తనే తెరిపించిన వీసీని నేను మన దగ్గర చూడలేదు. రిటైరయ్యాక హాయిగా ఇంట్లో కూర్చోకుండా 2017లో ప్రెయిరీ వ్యూ అనే టెక్సస్ నల్లజాతి యూనివర్సిటీ పగ్గాలు పట్టారు.

ఇప్పుడు లెక్కలు ఎలా ఉన్నాయి?

అమెరికా జనాభాలో నల్లవాళ్ళు సుమారు 13–14 శాతం. ఫుల్‌టైమ్ అధ్యాపకుల్లో 2020 నాటికి 7 శాతం దగ్గర. ఫుల్ ప్రొఫెసర్లలో 4 శాతమే. కాలేజీ ప్రెసిడెంట్లలో మాత్రం 2023లో వచ్చిన సర్వే ప్రకారం 13.6 శాతం. చూశారా, పైన జనాభాతో సరిపోయింది, మధ్యలో బోలు. పై లెక్కలో నల్లజాతి కాలేజీలు, రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలు కూడా కలుస్తాయి, అది గుర్తుంచుకోవాలి.

చదివేవాళ్ళు తక్కువ కాబట్టి ప్రొఫెసర్లు తక్కువ, అంతే కదా?

కొంత నిజం. మా స్టాఫ్ రూములో అందరూ ఇక్కడే ఆగిపోతారు. కానీ నీళ్ళు కారే చోట్లు ఇంకా ఉన్నాయి. 2022లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం అమెరికాలో చదివిన అధ్యాపకుల్లో 80 శాతం మంది పీహెచ్‌డీ ఇచ్చే యూనివర్సిటీల్లో ఐదో వంతు నుంచే వచ్చారు. అంటే ఏం చదివావన్నదాని కంటే ఎక్కడ చదివావన్నది ముందు అడుగుతారు. అధ్యాపకుల ఇళ్ళలో అమ్మో నాన్నో పీహెచ్‌డీ అయ్యుండటం మామూలు జనం కంటే చాలా రెట్లు ఎక్కువ. గ్రాంట్ల విషయంలో 2011లో వచ్చిన అధ్యయనం: చదువు, అనుభవం, ప్రచురణలు అన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, ఎన్ఐహెచ్ (వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) నిధులు దక్కే అవకాశం నల్లజాతి పరిశోధకులకు తెల్లవాళ్ళ కంటే 10 పాయింట్లు తక్కువ. అక్కడ గ్రాంటు లేకపోతే ల్యాబ్ లేదు, ల్యాబ్ లేకపోతే టెన్యూర్ లేదు.

టెన్యూర్ అంటే పర్మినెంట్ కావడం. అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరాక ఆరేళ్ళ సుమారులో తేలుతుంది: ఉంచుతారు, లేదా సామాను సర్దుకోమంటారు. మన దగ్గర ప్రొబేషన్ డిక్లేర్ చేయడం లాంటిది కాదు, ఆ ఆరేళ్ళ టెన్షన్ వేరు.

ఇంకోటి, ఏ లెక్కలోనూ రానిది. విభాగంలో ఒక్కరే నల్లజాతి అధ్యాపకుడు ఉంటే ప్రతి కమిటీలోనూ ఆయన పేరే వేస్తారు, ఫొటోకి ఆయన్నే నిలబెడతారు. నల్లజాతి విద్యార్థులంతా కష్టం చెప్పుకోవడానికి ఆయన గదికే వస్తారు. ఆ సాయంత్రాలన్నీ పేపర్లు రాసుకోవాల్సిన సాయంత్రాలు.

వాళ్ళంతా రిజర్వేషన్ల మీద వచ్చినవాళ్ళే కదా?

అమెరికాలో మన లాంటి కోటాలు లేవు. 1978లో బక్కీ కేసులో అడ్మిషన్లలో కోటా చెల్లదని సుప్రీంకోర్టు తేల్చింది, జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడొచ్చంది. 2023 జూన్ 29న హార్వర్డ్ కేసు తీర్పుతో అదీ పోయింది. పైన చెప్పిన బౌషే, డుబోయ్, బ్లాక్‌వెల్, ఫ్రాంక్లిన్ ఇవేవీ లేని రోజుల్లో పట్టాలు తెచ్చుకున్నారు. కోటా ఏదైనా ఉందంటే అప్పట్లో తెల్లవాళ్ళకు నూటికి నూరు ఉండేది.

క్లాడిన్ గే సంగతేంటి?

హార్వర్డ్‌కు మొదటి నల్లజాతి ప్రెసిడెంట్. 2023 జూలైలో చేరి 2024 జనవరి 2న రాజీనామా చేశారు, హార్వర్డ్ చరిత్రలో ఇంత తక్కువ కాలం ఎవరూ చేయలేదు. డిసెంబరులో కాంగ్రెస్ కమిటీ ముందు యూదు విద్యార్థుల భద్రత గురించి చెప్పిన జవాబు, ఆపైన పాత పేపర్లలో ఇతరుల వాక్యాలు సరిగా ఉటంకించలేదన్న ఆరోపణలు. ఆరోపణలు ఊరికే కొట్టిపారేసేవి కావు, ఆమె మీద పడ్డ దాడి అందరి మీదా అలాగే పడుతుందనీ అనుకోను. రెండూ ఒకేసారి నిజం కావచ్చు.

పరిస్థితి మార్చిన పని ఏదైనా ఉందా?

ఉంది. బాల్టిమోర్ దగ్గర యూఎంబీసీ, అంటే మేరీలాండ్ యూనివర్సిటీ బాల్టిమోర్ కౌంటీ క్యాంపస్. ఫ్రీమన్ హ్రబోవ్‌స్కీ 12 ఏళ్ళ వయసులో, 1963లో, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లో వేర్పాటుకు వ్యతిరేకంగా జరిగిన పిల్లల ఊరేగింపులో నడిచి ఐదు రోజులు జైల్లో ఉన్నారు. హాంప్టన్ అనే నల్లజాతి కాలేజీలో 19 ఏళ్ళకే డిగ్రీ. 1992 నుంచి 2022 దాకా యూఎంబీసీ ప్రెసిడెంట్. అంతకుముందే, 1988లో, మేయర్‌హాఫ్ దంపతుల విరాళంతో అక్కడ స్కాలర్ల కార్యక్రమం మొదలైంది. కాలేజీ మొదలయ్యే ముందు వేసవిలోనే పిల్లల్ని క్యాంపస్‌కు రప్పిస్తారు. ఒంటరిగా చదవనివ్వరు, గుంపుగా చదివిస్తారు. మొదటి నుంచే ల్యాబుల్లో కూర్చోబెడతారు. "పాసైతే చాలు" అన్న మాట అక్కడ చెల్లదు. లక్ష్యం డిగ్రీ కాదు, పీహెచ్‌డీ. మొదట నల్లజాతి అబ్బాయిలకే, తర్వాత అమ్మాయిలకు, ఆపైన అందరికీ. కోవిడ్ వ్యాక్సిన్ పరిశోధనలో ముందున్న కిజ్‌మెకియా కార్బెట్ అక్కడి విద్యార్థే, తర్వాత హార్వర్డ్‌లో అధ్యాపకురాలయ్యారు.

నల్లజాతి కాలేజీల లెక్క కూడా ఇలాంటిదే. అక్కడ చదివేది నల్లజాతి విద్యార్థుల్లో పదో వంతు. సైన్సు, ఇంజనీరింగ్ డాక్టరేట్లు తెచ్చుకున్న నల్లవాళ్ళలో మాత్రం దాదాపు నాలుగో వంతు మంది డిగ్రీ అక్కడిదే.

మన దేశంతో వీళ్ళకేమైనా సంబంధం ఉందా?

ఉంది. మోర్‌హౌస్‌ను 1940 నుంచి 27 ఏళ్ళు నడిపిన బెంజమిన్ మేస్, హోవర్డ్‌లో పనిచేసిన హోవర్డ్ థర్మన్ ఇద్దరూ 1930లలో మన దేశానికి వచ్చి గాంధీజీని కలిశారు. మార్టిన్ లూథర్ కింగ్ మోర్‌హౌస్‌లో మేస్ విద్యార్థి. 1946లో అంబేద్కర్ డుబోయ్‌కి ఉత్తరం రాశారు. నల్లవాళ్ళ సమస్యకూ అంటరానివాళ్ళ సమస్యకూ పోలిక ఉందని అందులో చెప్పారు. డుబోయ్ జవాబిచ్చారు.

మా వాడికి నల్లజాతి ప్రొఫెసర్ గైడుగా వచ్చారు. పర్వాలేదా?

ఈ ప్రశ్న ఫోన్లో మా దూరపు బంధువు ఒకాయన గొంతు తగ్గించి అడిగారు. నేనడిగింది ఒకటే: "బావగారూ, తెల్లాయన వస్తే ఇలా అడిగేవారా?" అవతల కాసేపు మాట లేదు. గైడును చూసేటప్పుడు గ్రాంటు ఎన్నేళ్ళుంది, ముందు విద్యార్థులు ఎన్నేళ్ళకు బయటపడ్డారు, ఎక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు అని చూడండి. బ్లాక్‌వెల్ దగ్గర అరవై మందికి పైగా పీహెచ్‌డీలు చేశారు.

ఆయన్ని ఏమని పిలవాలి?

ప్రొఫెసర్ ఫలానా, డాక్టర్ ఫలానా. పేరు పెట్టి పిలవమని ఆయనే అంటే అలాగే. ఇంట్లో తెలుగులో మాట్లాడుకునేటప్పుడు రంగు పెట్టి వాడే ఆ మాట కూడా మానేయండి, పిల్లలు అక్కడా అదే అంటారు.

మావాడు నల్లజాతి యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేయొచ్చా?

చేయొచ్చు. హోవర్డ్ 2025లో అత్యున్నత పరిశోధనా స్థాయి గుర్తింపు, అక్కడ ఆర్1 అంటారు, తెచ్చుకుంది. నల్లజాతి యూనివర్సిటీల్లో ప్రస్తుతం ఆ గుర్తింపు ఉన్నది దానికే. అప్లై చేసే ముందు ఫండింగ్ ఎన్ని సంవత్సరాలకు రాసిస్తారో, ట్యూషన్ ఫీజు మాఫీ అందులో ఉందో లేదో డిపార్ట్‌మెంట్‌కు ఈమెయిల్ పెట్టి అడగండి. జవాబు కాగితం మీద వచ్చాకే వీసా స్లాట్ సంగతి చూసుకోండి.